ల్యుకేమియా చికిత్స పొందే పిల్లలలో రక్తపు గడ్డలు

ల్యుకేమియా చికిత్స పొందే పిల్లలలో రక్తపు గడ్డలు అనేవి రక్త క్యాన్సర్‌కు మందులు వాడుతున్న కాలంలో పిల్లల సిరలలో ఏర్పడి రక్తప్రవాహానికి అడ్డుపడే గడ్డలు. వైద్యులు ఈ స్థితిని థ్రాంబోసిస్ అంటారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. దీనిని క్లుప్తంగా ఎ.ఎల్.ఎల్. అంటారు. ఆర్థికంగా అభివృద్ధి చెందిన దేశాలలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో సుమారు 90 శాతం మంది ఐదేళ్ళకు మించి జీవిస్తున్నారు. వారిలో అత్యధికులకు వ్యాధి పూర్తిగా నయమవుతున్నది. వ్యాధి లొంగుతున్న కొద్దీ చికిత్స వలన కలిగే చిక్కులకు ప్రాధాన్యం పెరిగింది. అటువంటి చిక్కులలో రక్తపు గడ్డ ముఖ్యమైనది. వ్యాధిని నయం చేసే ప్రధాన ఔషధాలలో ఒకటైన ఆస్పరాజినేజ్ ఈ గడ్డలకు కూడా ప్రధాన కారణం కావడం ఇందులోని విశేషం. అందువలన గడ్డను అదుపు చేయడం ఎంత అవసరమో, ఆ పేరుతో క్యాన్సర్ చికిత్స ఆగిపోకుండా చూడడం కూడా అంతే అవసరం.

రక్తం గడ్డకట్టే విధానం

శరీరానికి గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడం ప్రాణరక్షణకు ప్రకృతి చేసిన ఏర్పాటు. తెగిన చోట ముందుగా ప్లేట్‌లెట్లు అనే రక్తఫలకికలు గుమికూడుతాయి. ఆ తరువాత రక్తంలోని కొన్ని మాంసకృత్తులు ఒకదానిని మరొకటి ప్రేరేపించుకుంటూ చివరకు థ్రాంబిన్ అనే ఎంజైమును తయారు చేస్తాయి. థ్రాంబిన్ ప్రభావంతో రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్, ఫైబ్రిన్ అనే దారాలుగా మారుతుంది. ఈ దారాల వలలో రక్తకణాలు చిక్కుకొని గడ్డ ఏర్పడుతుంది.

ఈ ప్రక్రియ అవసరానికి మించి సాగకుండా శరీరంలో కొన్ని అడ్డుకట్టలు ఉన్నాయి. యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. గాయం మానిన తరువాత ప్లాస్మినోజెన్ నుండి తయారయ్యే ప్లాస్మిన్ గడ్డను కరిగిస్తుంది. గడ్డకట్టించే పదార్థాలూ, గడ్డను నివారించే పదార్థాలూ త్రాసులోని రెండు సిబ్బెల వలె సమతూకంలో ఉన్నంత కాలం రక్తం సాఫీగా ప్రవహిస్తుంది. రెండు వర్గాలలోని మాంసకృత్తులు చాలావరకు కాలేయంలోనే తయారవుతాయి. కాలేయం పనిని మందగింపజేసే ఔషధం ఏదైనా ఈ త్రాసును ఎటో ఒకవైపు మొగ్గేటట్లు చేయగలదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

చారిత్రక నేపథ్యం

ఈ వ్యాసంలోని రెండు అంశాలు, అనగా ల్యుకేమియా, థ్రాంబోసిస్, ఒకే శాస్త్రవేత్త పేరుతో ముడిపడి ఉన్నాయి. జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1847లో ల్యుకేమియా అనే పేరును ప్రవేశపెట్టాడు. 1850వ దశకంలో ఆయనే రక్తనాళాలలో గడ్డలు ఏర్పడడాన్ని, అవి విడివడి వేరొక చోటికి కొట్టుకొనిపోవడాన్ని వివరించాడు. గడ్డ ఏర్పడడానికి రక్తప్రవాహం మందగించడం, రక్తనాళపు గోడ దెబ్బతినడం, రక్తపు స్వభావం మారడం అనే మూడు కారణాలు ఉంటాయన్న సూత్రం నేటికీ విర్కో పేరుతోనే వ్యవహారంలో ఉంది.

ల్యుకేమియా చికిత్స చరిత్రలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుకు ప్రత్యేక స్థానం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులను తయారు చేసింది. అమినోప్టెరిన్ వాడకంతో పిల్లలలో ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో మరణించాడు. మెథోట్రెక్సేట్ నేటికీ ఎ.ఎల్.ఎల్. చికిత్సలో తప్పనిసరి మందుగా ఉంది.

ఆస్పరాజినేజ్ కథ 1953లో మొదలయింది. గినీ పందుల రక్తపు సీరం ఎలుకలలోని లింఫోమా కణుతులను తగ్గిస్తున్నదని అమెరికాలో జాన్ కిడ్ గమనించాడు. ఆ సీరంలో పనిచేస్తున్న పదార్థం ఆస్పరాజినేజ్ అనే ఎంజైమని 1961లో జాన్ బ్రూమ్ గుర్తించాడు. తరువాత ఈ.కోలై అనే బాక్టీరియా నుండి దీనిని మందుగా తయారు చేయడం సాధ్యమయింది. ఒకసారి ఇస్తే రెండు మూడు వారాల పాటు పనిచేసే పెగాస్పరాజినేజ్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1994లో అనుమతి ఇచ్చింది.

గడ్డలు ఏర్పడడానికి కారణాలు

విర్కో చెప్పిన మూడు కారణాలూ ల్యుకేమియా చికిత్స పొందే పిల్లలలో ఒకేసారి కలిసివస్తాయి.

వ్యాధి ప్రభావం: ల్యుకేమియా కణాలు గడ్డకట్టే ప్రక్రియను ప్రేరేపించే పదార్థాలను విడుదల చేస్తాయి. మందు ఇంకా మొదలు పెట్టకముందే చాలామంది పిల్లల రక్తంలో థ్రాంబిన్ ఉత్పత్తి సాధారణ స్థాయిని మించి ఉంటుంది. దీనికి తోడు జ్వరం, అంటువ్యాధులు, నీరసంతో మంచానికే పరిమితం కావడం, వాంతుల వలన శరీరంలో నీరు తగ్గడం కూడా ముప్పును పెంచుతాయి.

ఆస్పరాజినేజ్: కణాలు మాంసకృత్తులను తయారు చేసుకోవడానికి ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం అవసరం. ఆరోగ్యకరమైన కణాలలో చాలావరకు దీనిని స్వయంగా తయారు చేసుకోగలవు. ఎ.ఎల్.ఎల్. కణాలకు ఆ శక్తి చాలా తక్కువ. అవి రక్తంలోని ఆస్పరాజిన్ మీదనే ఆధారపడతాయి. ఆస్పరాజినేజ్ రక్తంలోని ఆస్పరాజిన్‌ను విడగొట్టివేయడంతో ఆ కణాలు ఆహారం అందక నశిస్తాయి. అయితే అదే కొరత వలన కాలేయంలో మాంసకృత్తుల తయారీ కూడా కుంటుపడుతుంది. యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, ప్లాస్మినోజెన్ తగ్గిపోతాయి. ఫైబ్రినోజెన్ కూడా తగ్గుతుంది. అందుచేత పరీక్షా ఫలితాలు చూస్తే రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్నట్లు కనిపిస్తుంది. వాస్తవానికి అడ్డుకట్టలు బలహీనపడినందువలన త్రాసు గడ్డకట్టే వైపే ఎక్కువగా మొగ్గుతుంది.

స్టెరాయిడ్లు: ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్లు కూడా ఈ చికిత్సలో ముఖ్యమైనవి. ఇవి గడ్డకట్టించే ఎనిమిదవ కారకం వంటి మాంసకృత్తులను పెంచుతాయి. గడ్డను కరిగించే శక్తిని తగ్గిస్తాయి. ఆస్పరాజినేజ్ అడ్డుకట్టలను తగ్గిస్తున్న సమయంలోనే స్టెరాయిడ్ వేగాన్ని పెంచుతున్నందున, రెండూ కలిపి ఇచ్చే రోజులలో ముప్పు అధికం. ఈ రెండు మందుల వలన రక్తంలో ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు కూడా బాగా పెరగవచ్చు.

కేథెటర్: పదే పదే సూదులు గుచ్చే బాధ తప్పించడానికి, మందులు సురక్షితంగా ఎక్కించడానికి మెడ లేదా ఛాతీ భాగంలోని పెద్ద సిరలోనికి సన్నని గొట్టాన్ని అమరుస్తారు. దీనిని కేంద్ర సిరా కేథెటర్ అంటారు. ఇది సిర లోపలి గోడను ఒరుసుకుంటూ, ప్రవాహానికి కొంత అడ్డుగా ఉంటుంది. మోచేతి పై భాగపు సిర నుండి లోపలికి పంపే పిక్ లైన్లలో గడ్డలు ఎక్కువగానూ, చర్మం కింద అమర్చే పోర్టులలో తక్కువగానూ కనిపిస్తాయి.

ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే గడ్డ ఏర్పడదన్న అభిప్రాయం సరికాదు. ల్యుకేమియాలో మూలుగ దెబ్బతిని ప్లేట్‌లెట్లు పడిపోయినప్పటికీ, పైన చెప్పిన కారణాల వలన గడ్డలు ఏర్పడుతూనే ఉంటాయి. ఒకే బిడ్డకు ఒకే వారంలో రక్తస్రావపు ముప్పు, గడ్డకట్టే ముప్పు రెండూ ఉండవచ్చు. ఈ వ్యాధిలో చికిత్సను క్లిష్టతరం చేసేది ఇదే.

ఎంతమందిలో, ఎవరిలో

గడ్డలు ఎంతమందిలో ఏర్పడతాయన్నది ఎలా వెదికారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. 17 అధ్యయనాలలోని 1,752 మంది పిల్లల వివరాలను క్రోడీకరించి 2006లో ప్రచురించిన విశ్లేషణలో 5.2 శాతం మందికి గడ్డలు ఏర్పడినట్లు తేలింది. వాటిలో అత్యధికం ఇండక్షన్ అనే తొలి దశ చికిత్సలో వచ్చినవే. సుమారు సగం మెదడుకు సంబంధించినవి. 2003లో ప్రచురితమైన పార్కా అధ్యయనంలో కేథెటర్ అమర్చి ఆస్పరాజినేజ్ ఇచ్చిన 60 మంది పిల్లలకు, లక్షణాలు ఉన్నా లేకపోయినా, స్కానింగులు చేసి చూశారు. 22 మందిలో, అనగా 36.7 శాతం మందిలో, గడ్డలు కనిపించాయి. లక్షణాలు బయటపడినవారు వారిలో ముగ్గురు మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య వైరుధ్యం లేదు. చాలా గడ్డలు పైకి ఏ సూచనా లేకుండానే ఏర్పడతాయని మాత్రమే దీని అర్థం.

వయస్సు ముఖ్యమైన అంశం. ఉత్తర ఐరోపా దేశాలలో 1 నుండి 45 ఏళ్ళ వయస్సు గల 1,772 మందిని పరిశీలించి 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రెండున్నరేళ్ళలో 7.9 శాతం మందికి గడ్డలు ఏర్పడ్డాయి. పదేళ్ళలోపు వారితో పోలిస్తే 10 నుండి 17 ఏళ్ళ వారిలో ఈ ముప్పు దాదాపు ఐదు రెట్లు ఉంది. వయస్సుతో పాటు ఊబకాయం కూడా ముప్పును పెంచుతుంది.

వంశపారంపర్యంగా వచ్చే కొన్ని జన్యు మార్పులు కూడా గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి. ఐరోపా సంతతి వారిలో ఎక్కువగా కనిపించే ఫ్యాక్టర్ 5 లైడెన్ ఇందుకు ఉదాహరణ. ల్యుకేమియా పిల్లలలో వీటి పాత్రపై అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. జర్మనీ అధ్యయనంలో గట్టి సంబంధం కనిపించగా మరికొన్నింటిలో కనిపించలేదు. అందువలన కుటుంబంలో గడ్డల చరిత్ర లేని పిల్లలందరికీ ఈ పరీక్షలు చేయడం ఆనవాయితీ కాదు.

గడ్డలు ఏర్పడే చోట్లు, లక్షణాలు

గడ్డ ఏర్పడిన చోటును బట్టి లక్షణాలు మారుతాయి.

* మెదడు సిరలు: మెదడు నుండి రక్తాన్ని వెనుకకు తీసుకువచ్చే సిరా కుహరాలలో గడ్డ ఏర్పడితే విడవని తలనొప్పి, వాంతులు, మగత, చూపు మసకబారడం, మూర్ఛ, ఒకవైపు కాలు చేయి బలహీనపడడం, మాట తడబడడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది.
* చేయి, మెడ, ఛాతీ సిరలు: కేథెటర్ ఉన్న వైపు చేయి లేదా మెడ వాయడం, నొప్పి, చర్మం రంగు మారడం, ఛాతీ మీద సిరలు ఉబ్బి పైకి కనిపించడం, కేథెటర్ నుండి రక్తం రాకపోవడం దీని సూచనలు.
* కాళ్ళ సిరలు: ఒక కాలు మాత్రమే వాయడం, పిక్కలో లేదా తొడలో నొప్పి.
* ఊపిరితిత్తులు: సిరలోని గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె వేగంగా కొట్టుకోవడం, స్పృహ తప్పడం సంభవిస్తాయి.

చికిత్స పొందే పిల్లలలో తలనొప్పికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. వెన్నులో సూది గుచ్చి మందు ఎక్కించిన తరువాత కొందరికి తలనొప్పి వస్తుంది. మెథోట్రెక్సేట్ మెదడుపై చూపే ప్రభావం, స్టెరాయిడ్ల వలన రక్తపోటు పెరగడం కూడా మూర్ఛకు దారితీయవచ్చు. లక్షణాలను బట్టి మాత్రమే వీటిని వేరుపరచడం కష్టం. ఆస్పరాజినేజ్ తీసుకుంటున్న బిడ్డలో తగ్గని తలనొప్పిని మామూలు తలనొప్పిగా భావించి ఊరుకోకూడదనడానికి కారణం ఇదే.

వ్యాధి నిర్ధారణ

మెదడు సిరలలోని గడ్డను గుర్తించడానికి ఎం.ఆర్.ఐ.తో పాటు సిరల చిత్రాన్ని ప్రత్యేకంగా తీసే ఎం.ఆర్. వీనోగ్రామ్ ఉత్తమమైనది. అత్యవసరంగా తీసే సాధారణ సి.టి. స్కాన్‌లో గడ్డ కనిపించకపోయినంత మాత్రాన అది లేదని చెప్పడానికి వీలులేదు. చేతులు, కాళ్ళు, మెడ సిరలకు డాప్లర్ అల్ట్రాసౌండ్ సులువైన పరీక్ష. అయితే కంటె ఎముక వెనుక దాగి ఉండే సిరలను అల్ట్రాసౌండ్ సరిగా చూపలేదు. అక్కడ అనుమానం ఉంటే రంగుమందు ఎక్కించి తీసే వీనోగ్రామ్ లేదా ఇతర స్కానింగులు అవసరమవుతాయి. ఊపిరితిత్తులలోని గడ్డలకు సి.టి. యాంజియోగ్రామ్ చేస్తారు. పెద్దవారిలో ఉపయోగపడే డి-డైమర్ అనే రక్తపరీక్ష ఈ పిల్లలలో అంతగా ఉపకరించదు. ల్యుకేమియా వలన, అంటువ్యాధుల వలన కూడా ఇది పెరుగుతుంది.

చికిత్స

రక్తం గడ్డకట్టకుండా చేసే మందులను ప్రతిస్కందకాలు అంటారు. ఇవి ఉన్న గడ్డను నేరుగా కరిగించవు. గడ్డ పెరగకుండా ఆపి, శరీరం తనంతట తాను దానిని కరిగించుకోవడానికి వ్యవధి కల్పిస్తాయి. ఈ పిల్లలలో ఎక్కువగా వాడేది ఎనోక్సాపారిన్ అనే తక్కువ అణుభారం గల హెపారిన్. దీనిని సాధారణంగా రోజుకు రెండుసార్లు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. సరిపోతున్నదో లేదో యాంటీ-టెన్-ఏ అనే రక్తపరీక్షతో చూస్తారు. చికిత్స సాధారణంగా కనీసం మూడు నెలలు సాగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. హెపారిన్ వర్గపు మందులు యాంటీథ్రాంబిన్ సహాయంతోనే పనిచేస్తాయి. ఆస్పరాజినేజ్ వలన యాంటీథ్రాంబిన్ బాగా తగ్గిన బిడ్డలో అదే మోతాదు హెపారిన్ తక్కువగా పనిచేయవచ్చు. అటువంటప్పుడు మోతాదు మార్చడమో, యాంటీథ్రాంబిన్‌ను బయటి నుండి ఎక్కించడమో చేస్తారు.

ప్లేట్‌లెట్ల సంఖ్య మరొక పరిమితి. మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గినప్పుడు మోతాదును తగ్గించడం లేదా ప్లేట్‌లెట్లు ఎక్కించి మందు కొనసాగించడం, మరీ పడిపోయినప్పుడు మందును కొద్దికాలం ఆపడం చేస్తారు. వెన్నులో సూది గుచ్చవలసిన రోజుకు ముందు మందును 24 గంటల పాటు నిలిపివేస్తారు. లేని పక్షంలో వెన్నెముక కాలువలో రక్తస్రావం జరిగి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పాత మందైన వార్ఫారిన్ ఈ పిల్లలకు అంతగా అనుకూలం కాదు. ఆహారం, యాంటీబయాటిక్‌లు, ఇతర మందులు దాని ప్రభావాన్ని తరచు మార్చివేస్తాయి. నోటి ద్వారా తీసుకునే కొత్త మందులలో డాబిగాట్రాన్, రివరాక్సబాన్‌లను పిల్లలలో వాడడానికి అమెరికాలో 2021లో అనుమతి లభించింది.

ఆస్పరాజినేజ్‌ను కొనసాగించడం

గడ్డ ఏర్పడిన తరువాత ఆస్పరాజినేజ్‌ను పూర్తిగా మానివేయడం సులభమైన పరిష్కారంగా తోచవచ్చు. కానీ నిర్ణయించిన మోతాదులన్నీ అందని పిల్లలలో, ముఖ్యంగా వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్నవారిలో, ల్యుకేమియా తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. తిరగబెట్టిన ల్యుకేమియాను నయం చేయడం మొదటిసారి కంటే చాలా కష్టం. అందువలన లక్షణాలు తగ్గి, బిడ్డ స్థితి నిలకడగా ఉండి, ప్రతిస్కందకం సరిగా పనిచేస్తున్నదని తెలిసిన తరువాత అనేకమందికి ఆస్పరాజినేజ్‌ను తిరిగి ప్రారంభిస్తారు. ఆ మోతాదులు పూర్తయ్యే వరకు ప్రతిస్కందకాన్ని కూడా కొనసాగిస్తారు. మెదడులో గడ్డ వలన రక్తస్రావం జరిగిన పిల్లల విషయంలో మాత్రం ఈ నిర్ణయం కఠినమైనది. క్యాన్సర్ వైద్యులు, రక్తవ్యాధి నిపుణులు, నరాల వైద్యులు కలిసి ఒక్కొక్క బిడ్డకు విడివిడిగా నిర్ణయిస్తారు.

నివారణ ప్రయత్నాలు

పిల్లలందరికీ ముందుగానే ప్రతిస్కందకం ఇస్తే గడ్డలను నివారించవచ్చునా అన్న ప్రశ్నకు రెండు పెద్ద అధ్యయనాలు పాక్షికంగా సమాధానం ఇచ్చాయి.

2019లో ప్రచురితమైన థ్రాంబోటెక్ట్ అధ్యయనంలో 949 మంది పిల్లలు పాల్గొన్నారు. ఇండక్షన్ దశలో తక్కువ మోతాదు హెపారిన్ ఇచ్చిన వారిలో 8 శాతం మందికి, ఎనోక్సాపారిన్ ఇచ్చిన వారిలో 3.5 శాతం మందికి, యాంటీథ్రాంబిన్ ఇచ్చిన వారిలో 1.9 శాతం మందికి గడ్డలు వచ్చాయి. అయితే యాంటీథ్రాంబిన్ పొందిన వర్గంలో ల్యుకేమియా చికిత్స ఫలితాలు కొంత తక్కువగా కనిపించడం వలన దానిని అందరికీ ఇవ్వడంపై సందేహాలు మిగిలాయి.

2024లో ప్రచురితమైన ప్రీవాపిక్స్ అధ్యయనంలో 512 మంది పిల్లలలో కొందరికి అపిక్సబాన్ అనే మందు ఇచ్చారు. మిగిలిన వారికి సాధారణ సంరక్షణ మాత్రమే అందింది. మందు పొందిన వారిలో 12 శాతం మందికి, పొందనివారిలో 18 శాతం మందికి గడ్డలు ఏర్పడ్డాయి. ఈ తేడా గణాంకశాస్త్రం ప్రకారం నిర్ధారణకు సరిపోలేదు. పెద్ద రక్తస్రావాలు రెండు వర్గాలలోనూ అరుదు. ముక్కు నుండి రక్తం కారడం వంటి చిన్న రక్తస్రావాలు మందు తీసుకున్న వారిలో ఎక్కువ. ఊబకాయం గల పిల్లలలో మాత్రం మేలు కనిపించింది.

ఈ ఫలితాలను బట్టి అందరికీ ఒకే విధంగా మందు ఇవ్వడం కంటే, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి వారికి ఇవ్వడం మేలన్న ఆలోచన బలపడింది. కౌమార దశలోని వారు, ఊబకాయం ఉన్నవారు, ఇదివరకు గడ్డ ఏర్పడినవారు ఈ కోవలోనికి వస్తారు. మందుతో నిమిత్తం లేని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. అవసరం తీరిన కేథెటర్‌ను తొలగించడం, వీలైన చోట పిక్ లైన్‌కు బదులు పోర్ట్ అమర్చడం, శరీరంలో నీరు తగ్గకుండా చూడడం, శక్తి ఉన్నంతవరకు బిడ్డను నడిపించడం వీటిలో కొన్ని.

కుటుంబ సభ్యులు గమనించవలసినవి

ఆస్పరాజినేజ్, స్టెరాయిడ్లు కలిపి తీసుకునే వారాలలో బిడ్డ తరచు ఇంటివద్దనే ఉంటుంది. కనుక మొదటి సూచనను గమనించేది సాధారణంగా తల్లిదండ్రులే. క్రింది లక్షణాలలో ఏది కనిపించినా తదుపరి అపాయింట్‌మెంట్ వరకు వేచి ఉండకుండా చికిత్స చేస్తున్న ఆసుపత్రిని వెంటనే సంప్రదించాలి.

* తగ్గని లేదా పెరుగుతున్న తలనొప్పి, తలనొప్పితో వాంతులు
* మూర్ఛ, అసాధారణమైన మగత, మాటలో లేదా నడకలో మార్పు
* ఒక చేయి, ఒక కాలు, మెడ లేదా ముఖం వాయడం
* ఆయాసం, ఛాతీ నొప్పి

బిడ్డ ఏ మందులు ఏ తేదీన తీసుకున్నదో రాసిన పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళడం మంచిది. దగ్గరలోని వేరే వైద్యుని వద్దకు వెళ్ళవలసి వస్తే ఆస్పరాజినేజ్ పేరును తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట వైద్యుని ఆలోచనను గడ్డ వైపు మళ్ళిస్తుంది. వైద్యుని సలహా లేకుండా ఆస్పిరిన్ వంటి మాత్రలు ఇవ్వరాదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

దీర్ఘకాలిక ఫలితాలు

సకాలంలో గుర్తించి చికిత్స చేస్తే అధిక సంఖ్యలో పిల్లలు గడ్డ నుండి కోలుకొని ల్యుకేమియా చికిత్సను పూర్తి చేసుకుంటారు. కొందరికి గడ్డ ఏర్పడిన చేతిలో లేదా కాలిలో వాపు, బరువు, నొప్పి చాలాకాలం మిగలవచ్చు. పదే పదే గడ్డలు ఏర్పడిన సిరలు పూర్తిగా మూసుకుపోతే తరువాతి కాలంలో మందులు ఎక్కించడానికి సిరలు దొరకడం కష్టమవుతుంది. మెదడులో గడ్డ వచ్చినవారిలో కొందరికి మూర్ఛలు, చదువులో వెనుకబాటు ఉండవచ్చు. వీరికి నరాల వైద్యుని పర్యవేక్షణతో పాటు పాఠశాలలో ఉపాధ్యాయుల సహకారం అవసరం.

ఇవి కూడా చూడండి

* ల్యుకేమియా
* రక్తం
* యల్లాప్రగడ సుబ్బారావు
* మెథోట్రెక్సేట్
* హెపారిన్